కనిపించకుండా పోయినవి: దేశప్రగతికి ఒక రసాయనిక కొలబద్ద

ప్రవాసంలో స్థిరపడిన మనలో చాలామంది రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి స్వదేశానికి వెళ్ళి వస్తూనే ఉంటాం. తిరిగి వచ్చిన తరువాత ఏ సత్యనారాయణ వ్రతం భోజనాల దగ్గరో, ఏ ఉగాది వేడుకలోనో కలుసుకున్నప్పుడు మిత్రులు వేసే మొదటి ప్రశ్న ఒకటే: "ఎలా ఉంది మన దేశం? ఏమైనా మారిందా?" మనం చెప్పే సమాధానాలు కూడా దాదాపు ఒకే మూసలో ఉంటాయి. హైదరాబాదులో 1998లో వెలసిన సైబర్ టవర్స్, 2008లో ప్రారంభమైన శంషాబాదు విమానాశ్రయం, 2017లో పట్టాలెక్కిన మెట్రో రైలు, కొబ్బరిబొండాల బండి మీద సైతం వ్రేలాడే చెల్లింపుల చిత్రపటం. ఇవన్నీ అభివృద్ధికి చిహ్నాలని ఒక పక్షం వాదిస్తుంది. రోడ్ల మీది రద్దీనీ, చెరువుల మీది నురుగునూ, చెత్తకుప్పలనూ చూపించి, "ఏమీ మారలేదు" అని మరొక పక్షం తీర్పు చెబుతుంది. ఈ రెండు పక్షాలకూ తేడా ఎంత ఉన్నా ఒక సామ్యం ఉంది. ఇద్దరూ కంటికి కనిపించిన దానినే లెక్క వేస్తున్నారు.

రసాయన శాస్త్రజ్ఞులకు మరొక అలవాటు ఉంటుంది. ఒక చర్య ముగిసిన తరువాత పాత్రలో కొత్తగా ఏమి ఏర్పడిందో చూడటం ఎంత ముఖ్యమో, మొదట ఉన్న పదార్థంలో ఏది మిగలలేదో చూడటం కూడా మాకు అంతే ముఖ్యం. మిగలలేదంటే మాయమైపోయిందని అర్థం కాదు. పద్దెనిమిదవ శతాబ్దంలో ఫ్రాన్సు దేశానికి చెందిన లవోయిజర్ త్రాసు పట్టుకుని నిరూపించిన ద్రవ్యనిత్యత్వ నియమాన్ని మనమంతా హైస్కూలులోనే కంఠస్థం చేశాం. పదార్థం రూపం మారుతుంది, చోటు మారుతుంది, అంతే. అందుచేత స్వదేశానికి వెళ్ళినప్పుడు నేను నాకు నేనే మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఇక్కడ ఏది కనిపించకుండా పోయింది? అది ఎక్కడికి పోయింది? అది తిరిగి రాకుండా ఎవరు కాపలా ఉన్నారు?

ఈ ప్రశ్నలతో చూసినప్పుడు ప్రగతి చిత్రం కొంత వేరుగా కనిపిస్తుంది. ఒక్క ఉదాహరణ చాలు. 1971లో భారతదేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువులలో 129 మంది ఏడాది నిండకుండానే మరణించేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి తగ్గింది. వెయ్యికి నూటొక్క మంది పిల్లలు చనిపోకుండా బ్రతికి, బడికి వెళుతున్నారు. ఆ పిల్లలు మనకు కనిపిస్తారు గాని, జరగకుండా తప్పిపోయిన మరణాలు కనిపించవు. ఏ ఛాయాచిత్రంలోనూ అవి పడవు.

నారికురుపు: పిల్లలు ఎరుగని మాట

రాయలసీమలో గాని, తెలంగాణాలో గాని ఇప్పటి పదేళ్ళ పిల్లవాడిని "నారికురుపు అంటే తెలుసా?" అని అడిగి చూడండి. తెల్లముఖం వేస్తాడు. వాడి తాతగారిని అడిగితే కాలు ముందుకు చాచి మచ్చ చూపించినా చూపించవచ్చు. దిగుడుబావుల నీటిలో ఉండే అతి చిన్న నీటిపురుగుల కడుపులో ఈ వ్యాధి క్రిమి పిల్లలు దాగి ఉండేవి. ఆ నీరు త్రాగిన మనిషి శరీరంలో అవి పెరిగి, దాదాపు ఏడాది తరువాత ఒక దారపు పోగువంటి పురుగు పాదం మీదనో పిక్క మీదనో పుండు చేసుకుని బయటకు వచ్చేది. దాని పొడవు మీటరు దాకా ఉండేది. లాగితే తెగుతుందనే భయంతో దానిని ఒక పుల్లకు చుట్టుకుంటూ రోజుకు కొంచెం చొప్పున వారాల తరబడి బయటకు తీసేవారు. సరిగా పొలం పనుల రోజులలోనే రైతు మంచం పట్టేవాడు. మంట చల్లారడానికి ఆ కాలును మళ్ళీ బావి నీటిలోనే పెడితే, పురుగు తన సంతానాన్ని అందులో వదిలేది. చక్రం మళ్ళీ మొదలు.

ఈ వ్యాధికి టీకా లేదు, మందు లేదు. 1980లలో దేశవ్యాప్తంగా ప్రారంభమైన నిర్మూలన కార్యక్రమం చేసినదల్లా మెట్లబావులను చేదబావులుగా మార్చడం, చేతిపంపులు వేయడం, నీటిని గుడ్డతో వడకట్టి త్రాగమని ఇంటింటికీ తిరిగి చెప్పడం, బావులలో టెమిఫాస్ అనే రసాయనాన్ని తగిన పాళ్ళలో చల్లడం. మన దేశంలో చివరి రోగి 1996 జూలైలో కనిపించాడు. 2000 సంవత్సరంలో భారతదేశం ఈ వ్యాధి నుండి విముక్తి పొందిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఈ విజయానికి ఎక్కడా విగ్రహం లేదు, శిలాఫలకం లేదు. ఒక మాట భాషలోనుండి జారిపోవడమే దాని స్మారకచిహ్నం.

మొదటి ప్రశ్నకు ఇంతకంటే నిండైన సమాధానం నాకు తెలియదు. ఇక్కడ పోయినది ప్రాణి గనుక నిజంగానే పోయింది. మూలకాలతో వ్యవహారం ఇంత తేలిక కాదు.

పెట్రోలులోని సీసం

అబిడ్స్ సెంటరులోనో, విజయవాడ బెంజి సర్కిల్‌లోనో 1990లలో సిటీబస్సు కోసం నిలబడిన వారందరం సీసం పీల్చినవాళ్ళమే. ఇంజనులో పెట్రోలు ముందుగానే మండి "టకటక" కొట్టకుండా ఉండటానికి టెట్రా ఇథైల్ లెడ్ అనే ద్రవాన్ని కలిపే పద్ధతిని 1921లో అమెరికాలో థామస్ మిడ్‌గ్లీ కనిపెట్టాడు. అది మండినప్పుడు సీసం సన్నని ధూళిగా గాలిలో కలుస్తుంది. సీసపు అయాను కాల్షియం అయానును పోలి ఉండటంవల్ల శరీరం దానిని కాల్షియమే అనుకుని ఎముకలలోనికీ, మెదడులోనికీ ఆహ్వానిస్తుంది. పెరిగే వయసులో ఉన్న పిల్లల తెలివితేటలను అది శాశ్వతంగా తగ్గిస్తుంది. అలా తగ్గినట్లు ఆ పిల్లవాడికి గాని, తల్లిదండ్రులకు గాని ఎన్నటికీ తెలియదు.

భారతదేశంలో 1995లో మహానగరాలలో సీసం లేని పెట్రోలు మొదలైంది. 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతటా సీసపు పెట్రోలు ఆగిపోయింది. ఆ రోజు ఎవరూ బాణసంచా కాల్చలేదు. పెట్రోలు బంకు దగ్గర రంగు మారలేదు, వాసన మారలేదు. అయినా ఒక తరం పిల్లల మెదడు మీద అంత ప్రభావం చూపిన నిర్ణయాలు చాలా తక్కువ. అదే విధంగా, 2000 ప్రాంతంలో డీజిలులో పది లక్షల భాగాలకు 2500 భాగాల వరకు ఉండటానికి అనుమతి ఉన్న గంధకం, 2020 ఏప్రిల్ నాటికి పది భాగాలకు దిగివచ్చింది. వాహనాల సంఖ్య ఎన్నో రెట్లు పెరిగినందువల్ల గాలి శుభ్రపడిన భావన మనకు కలుగదు. పాత ఇంధనమే కొనసాగి ఉంటే ఈనాటి వాహనాలతో నగరాలు ఏమై ఉండేవో ఊహించడం కష్టం కాదు.

ఇక రెండవ ప్రశ్న. ఆ సీసం ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. సీసం మూలకం గనుక కుళ్ళదు, కాలదు, కాలక్రమంలో క్షీణించదు. పాత రహదారుల ప్రక్కన మట్టిలోను, పాత ఇళ్ళ అటకల మీది దుమ్ములోను, ఆనాడు ఎదిగిన మన ఎముకలలోను అది కొంత మిగిలే ఉంది. కొత్త దారులలో రావడానికి కూడా ప్రయత్నిస్తూనే ఉంటుంది. ఇళ్ళకు వేసే రంగులలో సీసం పది లక్షలకు 90 భాగాలు మించకూడదన్న నిబంధన 2017 నవంబరులో అమలులోకి వచ్చింది. ఇన్వర్టర్ల బ్యాటరీలను అనుమతి లేని కొలిమిలలో కరిగించేచోట మూడవ ప్రశ్న, అంటే కాపలా ప్రశ్న, ఇంకా మిగిలే ఉంది.

ఊదుగొట్టం

మా ఇంట్లో, 1980లలో, వంటగదికి ఒక ఆయుధం ఉండేది. మూరెడు పొడవున్న ఇనుప ఊదుగొట్టం. తడి కట్టెలు రాజుకోనప్పుడు మా నాయనమ్మ వంగి కూర్చుని దానితో ఊదుతుంటే ఆమె కళ్ళవెంట నీళ్ళు ధారలుగా కారేవి. వంటగది గోడలు నల్లగా, నిగనిగలాడుతూ ఉండేవి. అది మసి మాత్రమేనని అప్పుడు అనుకునేవాళ్ళం. కట్టె గాని, పిడక గాని సరిపడా గాలి అందక సగం సగంగా మండినప్పుడు కార్బన్ మోనాక్సైడు, అతి సూక్ష్మమైన ధూళికణాలు, బెంజోపైరీన్ వంటి క్యాన్సరు కారకాలు ఎన్నో పుడతాయి. సిగరెట్టు పొగలో ఉన్నవీ ఇవే. ఏనాడూ సిగరెట్టు ముట్టని మన నాయనమ్మలు, అమ్మమ్మలు ఉబ్బసంతో రాత్రులు మేలుకుని కూర్చోవడం వెనుక ఉన్న రసాయన శాస్త్రం ఇదే. ఇళ్ళలోని పొయ్యి పొగవల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షలమంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

అలనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో వచ్చిన దీపం పథకం, దేశవ్యాప్తంగా 2016లో వచ్చిన ఉజ్వల పథకం పేద ఇళ్ళకు గ్యాసు పొయ్యిలను చేర్చాయి. 2019 సెప్టెంబరు నాటికి ఉజ్వల క్రింద ఇచ్చిన కనెక్షన్లు 8 కోట్లకు చేరాయి. గ్యాసు బండలో ఉండే ప్రొపేను, బ్యూటేను చిన్న అణువులు గనుక గాలితో చక్కగా కలిసి, నీలిమంటతో పూర్తిగా మండిపోతాయి. మిగిలేది బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి. ఈసారి బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు కొత్తగా కొన్న టీవీని మెచ్చుకోండి గాని, ఒకసారి వంటగదిలోనికి కూడా తొంగిచూడండి. గోడ తెల్లగా ఉందా? ఊదుగొట్టం అటక మీదికి చేరిందా?

ఆ తరువాత పెరటిలోనికి కూడా వెళ్ళి చూడండి. గ్యాసు బండ ధర పెరిగిన నెలలలో చాలా ఇళ్ళలో నీళ్ళు కాగడం, పప్పు ఉడకడం మళ్ళీ కట్టెల పొయ్యి మీదికి మారుతుంది. పొయ్యి ఇవ్వడం ఒకనాటి పని. బండ నింపుకోగలగడం ప్రతినెలా జరగవలసిన పని. ప్రగతి అన్నది రెండవదానిలో ఉంది.

చిటికెడు ఉప్పు

ఆదిలాబాదు అడవి గ్రామాలలో, హిమాలయ పాదాలలో గొంతువాపుతో కనిపించేవారి సంఖ్య తగ్గిపోవడానికి కారణం మనం గుర్తింపు కూడా ఇవ్వని ఉప్పు పొట్లం. 1962లో మొదలైన ప్రభుత్వ కార్యక్రమం క్రమంగా విస్తరించి, 2006 నుండి అయొడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మకూడదన్న నిషేధం దేశమంతటా అమలులోకి వచ్చింది. ఇక్కడ ఒక చిన్న రసాయన విశేషం ఉంది. అమెరికాలో మనం కొనే ఉప్పులో సాధారణంగా పొటాషియం అయొడైడు కలుపుతారు. మన దేశపు ఎండకూ తేమకూ అది త్వరగా విచ్ఛిన్నమై అయొడిన్ ఆవిరైపోతుంది. అందుకే అక్కడ నిలకడ ఎక్కువగల పొటాషియం అయొడేటును ఎంచుకున్నారు. పరాయిదేశపు పద్ధతిని అలాగే దించుకోకుండా, మన వాతావరణానికి తగినట్లు మార్చుకున్న ఈ చిన్న నిర్ణయం ఎన్నో లక్షల మంది పిల్లల మనోవికాసాన్ని కాపాడింది.

నల్లగొండ నీళ్ళు

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన ఉదాహరణకు వద్దాం. 1937లో ఆనాటి మద్రాసు రాష్ట్రంలో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఇప్పటి ప్రకాశం జిల్లా పరిసర గ్రామాలలో వంగిపోయిన వెన్నెముకలు, బిగుసుకుపోయిన కీళ్ళు గల మనుషులను పరీక్షించి, దానికి కారణం నీటిలోని ఫ్లోరైడు అని భారతదేశంలో మొదటిసారిగా ప్రకటించారు. తరువాతి దశాబ్దాలలో ఈ వ్యాధి పేరు చెబితే గుర్తుకు వచ్చే జిల్లాగా నల్లగొండ మారింది.

కారణం భూగర్భంలో ఉంది. ఆ ప్రాంతపు గ్రానైటు రాళ్ళలో ఫ్లోరిన్ గల ఖనిజాలున్నాయి. నీటిలో కాల్షియం సమృద్ధిగా ఉంటే ఫ్లోరైడు దానితో కలిసి కరగకుండా ఉండిపోతుంది. కాల్షియం తక్కువగా, క్షారగుణం ఎక్కువగా ఉన్న నీరు ఏళ్ళ తరబడి రాతిని తాకుతూ ఉంటే ఫ్లోరైడును కరిగించుకుంటుంది. బోరు ఎంత లోతుకు పోతే ఈ స్పర్శ సాధారణంగా అంత దీర్ఘమవుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు పరిమితి కాగా, కొన్ని బోర్లలో అంతకు అనేక రెట్లు ఉండేది. మన ఎముకలలోని ఖనిజంలో ఉన్న హైడ్రాక్సైడు స్థానాన్ని ఫ్లోరైడు ఆక్రమిస్తుంది. రెండింటి పరిమాణమూ దాదాపు ఒకటే గనుక ఎముక దానిని పోల్చుకోలేదు. మొదట పళ్ళ మీద గారమచ్చలు, తరువాత కీళ్ళనొప్పులు, చివరికి వంగిన నడుము.

ఇక్కడ దీపం క్రిందనే చీకటి. 1967లో జాతికి అంకితమైన నాగార్జునసాగరం ఆ జిల్లా అంచుననే ఉంది. అయినా ఎగువన ఉన్న మునుగోడు, మర్రిగూడ గ్రామాలకు బోరునీరే దిక్కయింది. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఫ్లోరోసిస్ ప్రాంతాలలోని యువకులకు మోకాళ్ళు లోపలికి వంగిపోతున్నాయని లాన్సెట్ పత్రికలో వెల్లడించారు. జలాశయం వల్ల భూగర్భజలం పెరిగి, నేల గుణం మారి, ఆ నేలలో పండే జొన్నలో మాలిబ్డినం అధికమై, శరీరంలో రాగి తగ్గడం దీనికి తోడై ఉండవచ్చునని తరువాత అభిప్రాయపడ్డారు. ఆధునిక దేవాలయమని మనం కొనియాడిన ఆనకట్ట సైతం ఎవరూ ఊహించని చోట ఖర్చు రాసిపెట్టగలదని ఆ పరిశోధన హెచ్చరించింది.

నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడును తొలగించే విధానాన్ని రూపొందించి దానికి నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టింది. టాంజానియా, ఇథియోపియాల వరకూ వెళ్ళిన ఆ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. పటిక ఎక్కువ మోతాదులో పట్టడంతో, అడుగున చేరే బురదను ఏమి చేయాలన్న ప్రశ్న మిగులుతుంది. ప్రతిరోజూ కొలిచి కలిపే మనిషి లేనిచోట యంత్రాలు మూలపడ్డాయి. చివరకు పెద్ద మార్పు తెచ్చినది నీటిని శుద్ధి చేయడం కంటే నీటినే మార్చడం. అంతకుముందు కొన్ని గ్రామాలకు పరిమితమైన కృష్ణాజలం, 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథతో గొట్టాల ద్వారా గ్రామగ్రామానికీ చేరింది. కేంద్రప్రభుత్వ లెక్కల ప్రకారం 2015లో తెలంగాణాలో 967గా ఉన్న ఫ్లోరైడు పీడిత ఆవాసాల సంఖ్య 2020 నాటికి సున్నా అయింది.

ఈ సున్నాను ఒక రసాయన శాస్త్రజ్ఞుడు ఎలా చదవాలి? గౌరవంతోను, జాగ్రత్తతోను. గౌరవం ఎందుకంటే, ఆ గ్రామాలలో ఈనాడు పాలపళ్ళు ఊడి కొత్తపళ్ళు వస్తున్న పిల్లల పళ్ళు తెల్లగా ఉంటే, ఆ తెల్లదనం ఏ అద్దాల మేడకంటేను గొప్ప ప్రగతి చిహ్నం. జాగ్రత్త ఎందుకంటే, ఫ్లోరైడు ఎక్కడికీ పోలేదు. అదే రాతిలో, అదే బోరులో, అడుగున కాచుకుని ఉంది. మునుగోడు వైపు ఉన్న మా పెద్దమ్మగారి ఊరికి వెళ్ళినప్పుడు ఇంటి ముందు నల్లా చూసి సంతోషించి, "ఇప్పుడు నీళ్ళ బాధ తీరినట్లే గదా పెద్దమ్మా?" అన్నాను. ఆమె నవ్వి, "నల్లా వచ్చినన్ని దినాలు మంచిగనే ఉంటది బిడ్డా. మోటరు కాలిందంటే మాత్రం మల్ల బోరు నీళ్ళే గతి" అన్నది. పంపుసెట్లు, విద్యుత్తు, క్లోరిన్ సిలిండరు, నెల జీతానికి వాల్వు త్రిప్పే మనిషి ఉన్నంతవరకే ఆ సున్నా సున్నాగా ఉంటుంది.

మరొక సంగతి మరువరాదు. ఎముకలో ఒకసారి స్థిరపడిన ఫ్లోరైడు చేసిన వంకర మంచినీరు వచ్చినంత మాత్రాన సరికాదు. ఫ్లోరోసిస్ బాధితుల గొంతుగా జీవితమంతా పోరాడిన మర్రిగూడ ప్రాంతపు అంశాల స్వామి గారు 2023 జనవరిలో మరణించారు. తమ ఊళ్ళకు నీరు రావడం ఆయన చూడగలిగారు. ఆ నీరు ఆయన శరీరానికి ఆలస్యంగా వచ్చింది.

అన్నిచోట్లా సమాధానం దొరికిందని కూడా కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధికి మూలకారణాన్ని ఇంకా నిర్ధారించలేకపోయారు. 2023 డిసెంబరులో అక్కడ మంచినీటి పథకం, పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. శత్రువు ఎవరో తెలియకపోయినా ముందు నీటిని మార్చడం వివేకమైన పని.

మందుబిళ్ళ వెనుక

ఇప్పటివరకు చెప్పినవి మన ఊళ్ళకు సంబంధించినవి. ఈ క్రిందిది మన ఇంటి మందుల అలమరకు సంబంధించినది. 1960లలో సోవియట్ సహకారంతో హైదరాబాదులో నెలకొన్న ఐడీపీఎల్ కర్మాగారం, 1970 నాటి పేటెంటు చట్టం కలిసి మన రసాయన శాస్త్రజ్ఞులకు ఒక కొత్త రంగాన్ని తెరిచాయి. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి గారు 1984లో సొంత సంస్థను స్థాపించారు. వారి వెనుక ఎందరో నడిచారు. ఒకప్పుడు సామాన్యునికి అందని మందులు చౌక అయ్యాయి. ఈనాడు అమెరికాలో మనం కొనే మాత్రలలో ఎన్నో హైదరాబాదు పరిసరాలలోనే పుడుతున్నాయి. నా వృత్తి సోదరుల ఈ ఘనకార్యం నాకు గర్వకారణం.

ఆ గర్వంతోనే రెండవ ప్రశ్నను కూడా అడగాలి. రోజర్ షెల్డన్ అనే శాస్త్రజ్ఞుడు 1992లో వేసిన లెక్క ప్రకారం ఒక కిలో మందు తయారయ్యే సరికి 25 నుండి 100 కిలోల వ్యర్థం మిగులుతుంది. అది ఎక్కడికి పోతుంది? 2007లో స్వీడన్ దేశపు లార్సన్, ఆయన సహచరులు పటాన్‌చెరులో అనేక మందుల కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం నుండి బయటకు వచ్చే నీటిని పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే పరిమాణం కంటే అది ఎక్కువ. అటువంటి నీటిలో బ్రతకగలిగిన సూక్ష్మజీవులు ఆ మందుకు లొంగనివి మాత్రమే. అవి పాస్‌పోర్టు అడగవు. పటాన్‌చెరు వాగులోనే ఆగిపోవు. ఆ పరిశోధన ప్రపంచమంతటా చర్చకు దారితీసింది. వ్యర్థజలాన్ని బొట్టు కూడా బయటకు వదలని ఏర్పాట్లను చాలా కర్మాగారాలు ఆ తరువాత చేపట్టాయి. యాంటీబయాటిక్ కర్మాగారాల వ్యర్థజలాలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ తొలి మార్గదర్శకాలు 2024 సెప్టెంబరులో గాని రాలేదు. మందు చౌకగా దొరకడం ప్రగతి. ఆ చౌకదనంలో ఎవరి చెరువు ఖరీదు కలిసిపోయిందో అడగడం కూడా ప్రగతిలో భాగమే.

వెనుకకు జారే నేల

ఇదంతా వెనుకబడిన దేశాల సమస్య అని మనలో ఎవరికైనా అనిపిస్తే వారు మిచిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ నగరాన్ని తలచుకోవాలి. 2014 ఏప్రిల్‌లో డబ్బు ఆదా కోసం ఆ నగరం డెట్రాయిట్ నుండి వచ్చే హ్యూరాన్ సరస్సు నీటిని మాని, ఫ్లింట్ నది నీటికి మారింది. పాత సీసపు గొట్టాల లోపల ఒక పలుచని పొరను కాపాడే ఫాస్ఫేటును ఆ నీటిలో కలపలేదు. పొర కరిగింది, సీసం నీటిలోనికి దిగింది, పిల్లల రక్తంలోనికి చేరింది. స్థానిక శిశువైద్యురాలు మోనా హన్నా అట్టీషా 2015లో అంకెలతో నిరూపించిన తరువాత, అక్టోబరులో పాత నీటికి మరలారు. మానవుణ్ణి చంద్రుని మీదికి పంపిన దేశంలోనే, ఒక ఫాస్ఫేటు లవణాన్ని నీటిలో కలపకపోవడంతో దశాబ్దాల ప్రగతి కొన్ని నెలలలో జారిపోయింది.

నల్లగొండ పెద్దమ్మకు తెలిసిన సంగతి ఫ్లింట్ నగర పాలకులకు తెలియలేదు. ప్రగతి ఒకసారి కట్టి వదిలేసే గోపురం వంటిది కాదు. రోజూ తెల్లవారగానే ఎవరో ఒకరు లేచి వాల్వు త్రిప్పి, మందు కలిపి, నీరు పరీక్షించి, అంకె పుస్తకంలో రాయవలసిన పని అది.

ఈసారి వెళ్ళినప్పుడు

మనలో చాలామంది ఊరికి ఏదో ఒకటి చేయాలన్న సంకల్పంతో ఉంటారు. స్వాగతద్వారమో, కల్యాణమండపమో, మంచినీటి ఆర్‌వో యంత్రమో ఇస్తారు. ఆర్‌వో యంత్రం ఇచ్చేముందు రెండు విషయాలు అడగండి. ఆ యంత్రం శుద్ధిచేసే ప్రతి బిందెకూ సుమారు మరొక బిందె, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ నీటిని బయటకు వదులుతుంది. బోరులోని ఫ్లోరైడంతా ఆ నీటిలో చిక్కబడి ఉంటుంది. అది ఏ గుంటలోనికి పోతుంది? అయిదేళ్ళ తరువాత పొర మార్చే ఖర్చు ఎవరిది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం ఉంటేనే ఆ దానం నిలుస్తుంది. ఫలకం మీద పేరు ఉండకపోవచ్చు గాని, ఊరి నీటిని ఏడాదికి రెండుసార్లు పరీక్ష చేయించి ఫలితాలను పంచాయతీ కార్యాలయం గోడకు అంటించే ఖర్చు భరించడం కూడా గొప్ప దానమే. దానికి అయ్యే సొమ్ము మన విమానం టికెట్టు ధరలో చిన్న భాగం.

మన పిల్లలను వెంట తీసుకుని వెళ్ళినప్పుడు వారికి గోలకొండనూ, తిరుమలనూ చూపించండి. ఒక పూట ఊరి నీళ్ళట్యాంకు దగ్గరకు కూడా తీసుకువెళ్ళండి. అక్కడ పనిచేసే మనిషిని పలకరించి, ఈరోజు క్లోరిన్ ఎంత కలిపారో అడగమనండి. ఆయన చేతిలోని చిన్న సీసాలో నీరు లేత పసుపురంగుకు మారడం వారి కళ్ళతో చూడనివ్వండి. ఆ రంగు అక్కడ ఉన్నన్నాళ్ళూ, ఆ ఊళ్ళో కనిపించకుండా పోయినవి తిరిగి రాకుండా ఎవరో కాపలా ఉన్నట్లే.